నిలబెట్టి చూసిన సిస్టరమ్మ

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. రెండేళ్ళుగా బీపీ మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య పొద్దున్నే మంచం దిగి నిలబడగానే కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. ఆ మాటే చెప్పాను. ఆ కుర్ర డాక్టరు, నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ ఉండగానే, చేతికి పట్టీ చుట్టాడు. మిషన్ కుయ్‌మంది. అంకె చూసి "పర్‌ఫెక్ట్ మేడమ్" అన్నాడు.

"పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడరా?" అని అడిగాను.

"అవసరం లేదు మేడమ్. వయసు కదా, కొంచెం అట్లనే ఉంటది." అప్పటికే అతని చెయ్యి బెల్లు మీద ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెప్పింది నిలబడితే వచ్చే బాధ. అతను చూసింది కూర్చున్న మనిషిని. మెట్లు దిగుతున్నంతసేపూ లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. సగం మెట్ల మీద ఆగిపోయాను. ఆ తిట్లు నేను ఎవరి నోట విన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

అందరం ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళం. అసలు పేరు నాకు తెలుసు గాని రాయను. తనను నలుగురిలో మెచ్చుకుంటే ఆమెకు చిరాకు.

ఎనభైల మధ్యలో సంగతి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా పొలాలు పోయి ప్లాట్లు పడుతున్నాయి. ఎటు చూసినా సున్నం కొట్టిన హద్దురాళ్ళు, ఇసుక కుప్పలు, ఇటుక లారీలు. ఇళ్ళు లేచాయి గాని నల్లాలు రాలేదు. నల్గొండ వైపు నుంచి వచ్చిన మా కుటుంబం ఒక ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. అదే వాకిట్లో అవతలి గది ఆమెది. గుంటూరు వైపు మనిషి. నగరంలో ఒక పెద్ద దవాఖానలో నర్సు. పొట్టిగా, బలంగా ఉండేది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, ఎడమ భుజం దగ్గర పిన్నుతో పెట్టుకున్న గడియారం. సొంత డబ్బుతో కొనుక్కున్న పాదరసం బీపీ పెట్టె ఆమె గదిలో ట్రంకు మీద ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆమెకు కోపం రాని రోజు నేను చూడలేదు. బస్సు ఆపని డ్రైవరు మీద, కాచకుండా నీళ్ళు తాగేవాళ్ళ మీద, పసిపిల్ల జ్వరానికి తాయెత్తు కట్టిన అమ్మమ్మ మీద, అందరి మీదా కోపమే. అన్నిటికన్నా ఎక్కువ కోపం కుర్చీ మీద. మనిషి సొమ్మసిల్లి పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు వెంటనే లేపి కుర్చీలో కూలేస్తారు చూడండి, ఆ కుర్చీ మీద.

మొదటిసారి నేను ఆ కోపం చూసింది నీళ్ళ ట్యాంకరు దగ్గర. ఎండాకాలం. పొద్దుట్నుంచీ బిందెలు వరసలో పెట్టుకుని నిలబడ్డాం. మా ఇంటి ఓనరమ్మ కోడలు ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయి, బిందె మీదుగా కింద పడింది. క్షణంలో గుంపు కమ్ముకుంది. ఒకరు ఉల్లిగడ్డ ముక్కు దగ్గర పెట్టారు. ఒకరు చేతిలో తాళంచెవులు కుక్కారు. ఇద్దరు చంకలు పట్టి లేపి, ఎవరో తెచ్చిన ఇనుప కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల తల వాలిపోయింది. చేతులు కొట్టుకోవడం మొదలైంది.

"ఫిట్స్ ఒచ్చినయి!" అని ఎవరో అరిచారు.

"ఫిట్స్ కాదు, మీరొచ్చారు!" గుంపు వెనక నుంచి సిస్టరమ్మ గొంతు. రెండు మోచేతులతో జనాన్ని తోసుకుంటూ వచ్చి, పిల్లను కిందికి దించి, కుర్చీని కాలితో అవతలికి తన్నింది. ఆ పిల్ల రెండు కాళ్ళూ ఎత్తి తన ఒడిలో పెట్టుకుని అక్కడే బురదలో కూర్చుంది. ఇస్త్రీ చీర సంగతి ఆమెకు పట్టలేదు.

"తలకి రక్తం అందక పడింది. పడుకుంటే అందుతుంది. ఒళ్ళు తనంతట తను వైద్యం చేసుకుందామని నేల మీదికి వాలితే, దాన్ని లేపి కూర్చోబెట్టడానికి మీరెవరు? లేపినకొద్దీ తల ఎండిపోతుంది. అందుకే కొట్టుకుంటోంది!"

నిమిషం తిరక్కుండానే ఆ పిల్ల కళ్ళు తెరిచింది. పెదవులకు రంగొచ్చింది.

ఓనరమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ అంది: "గాలి సోకిందేమో సిస్టరమ్మా. దర్గాకు తీస్కపోతం."

"పొద్దుట్నుంచీ ఏం తిందండీ మీ కోడలు?"

"ఇయ్యాల శనివారం గదా. ఒక్కపొద్దు."

"నీళ్ళు?"

ఓనరమ్మ పక్కనున్న బిందె సర్దింది. సిస్టరమ్మ ట్యాంకరు వైపు చూసింది, వరసలో ఉన్న బిందెల వైపు చూసింది. "ఇంటిల్లిపాదికీ నీళ్ళు మోసే పిల్లకి గుక్కెడు నీళ్ళు పొయ్యరు. సోకింది గాలి కాదండీ, మీరే" అంది. ఓనరమ్మ ఆ మాట మరిచిపోలేదు. కిరాయి పెంచింది. సిస్టరమ్మ ఇచ్చింది గాని, తన మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పటికి నేను ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర, విజయవాడ రోడ్డు మీద ఒక ప్లాట్ల ఆఫీసులో టైపిస్టును. రేకుల షెడ్డు, ముందు ఆఫీసు, వెనక సిమెంటు, ఇనుము పెట్టే గోదాము. ఓనరు ఆ చుట్టుపక్కల పాత ఊరి భూస్వామి. అందరూ పటేల్ సాబ్ అనేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లయ్య. యాభై దాటిన మనిషి, మా నల్గొండ వైపే. నేను గేటులోకి రాగానే "ఒచ్చినవా బిడ్డా" అని, తుడిచే ఉన్న నా కుర్చీని మళ్ళీ తుడిచేవాడు.

ఆ ఎండాకాలంలో మల్లయ్య మూడుసార్లు పడిపోయాడు. మూడుసార్లూ పొద్దున్నే. లారీ వచ్చి హారన్ కొట్టగానే నులకమంచం మీంచి దిగ్గున లేచి, గేటు వైపు నాలుగడుగులు వేసి, కూలిపోయేవాడు. మూడోసారి పటేల్ సాబ్ అక్కడే ఉన్నాడు. నేనూ ఉన్నాను. మల్లయ్య నోట్లో మట్టి, మాట ముద్దగా వస్తోంది. ఇద్దరు హమాలీలు లేపి గేటుకు ఆనించి నిలబెట్టారు. మళ్ళీ జారిపోయాడు.

"ఏంర మల్లిగా, పొద్దుగాలనే ఏసినవా?" అన్నాడు పటేల్ సాబ్.

"తాగలే పటేలా. నా బిడ్డల మీద ఒట్టు. ఎట్లనో కండ్లు తిరిగినయి."

"మూడుసార్లు తిరుగుతయా కండ్లు? నాకు చెప్పకు."

హమాలీలు నవ్వారు. ఎవరూ వంగి మల్లయ్య నోటి వాసన చూడలేదు. పటేల్ సాబ్ లోపలికి వచ్చి నా మిషన్ ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పాడు, నేను కొట్టాను: డ్యూటీలో తాగి పడి ఉండగా దొరికాడు గనుక పనిలోంచి తీసేస్తున్నాం. రేపు మల్లయ్య లేబర్ ఆఫీసుకు పోకుండా ఆ కాగితం. స్పెల్లింగు తప్పు పడితే రబ్బరుతో చెరిపి మళ్ళీ కొట్టాను. వేలిముద్రకు ఇంకు డబ్బా పట్టింది కూడా నేనే.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగాడు మల్లయ్య, బొటనవేలు గోడకు తుడుచుకుంటూ.

"పనిలకెళ్ళి ఆపిండ్రని" అన్నాను. మిగతాది చెప్పలేదు.

సాయంత్రం వాకిట్లో సిస్టరమ్మ బట్టలు ఉతుకుతుంటే, ఆఫీసు కబురు చెప్పినట్టు ఇదంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎక్కణ్ణుంచి లేచి పడ్డాడు?"

"మంచం మీదికెళ్ళి."

"మూడుసార్లూ?"

"మూడుసార్లు."

"మాత్రలేమైనా మింగుతున్నాడా?"

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కింద దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు బీపీ ఉందని రాసిచ్చిన చీటీ మల్లయ్య నాకే చూపించాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చదివి చెప్పింది నేనే. ఆ మాట చెప్పాను.

"నోరు వాసన చూశారా?"

"లేదు."

"నువ్వు?"

"నేను... దూరంగ ఉన్న."

"మరి తాగాడని ఎవరు చెప్పారు?"

"కాగితంల ఉంది సిస్టర్."

"కాగితం ఎవరు కొట్టారు?"

ఆమె సబ్బు చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి బీపీ పెట్టె తీసుకుని వచ్చింది. "పద, ఇల్లు చూపించు" అంది.

మల్లయ్య గుడిసె కాలువ పక్కన. లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తాగి పని పోగొట్టుకున్నాడన్న మాట అప్పటికే బస్తీ అంతా పాకింది. అతని భార్య మమ్మల్ని చూసి, "నా మొగుడు కల్లు కుండ ముట్టి పదేండ్లాయెనమ్మా" అని ఏడ్చింది.

సిస్టరమ్మ అతన్ని లేవనివ్వలేదు. పడుకునే ఉండగా పట్టీ చుట్టి, చెవులకు స్టెతస్కోపు పెట్టుకుని చూసింది. పైది నూటనలభై. పట్టీ విప్పకుండానే భార్యను ఒక పక్క, నన్ను ఒక పక్క పట్టుకోమని మెల్లగా నిలబెట్టింది. భుజం మీది గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగింది. మళ్ళీ గాలి కొట్టింది. పాదరసం దిగుతోంది, దిగుతోంది, ఆమె చెవిలో చప్పుడు రావడం లేదు. ఎనభై ఐదు దగ్గర వచ్చింది. ఆసరికి మల్లయ్య మొహం బూడిదలా ఉంది. వెంటనే పడుకోబెట్టి కాళ్ళ కింద మూట పెట్టింది.

"దొరికింది" అంది. ఆమె గొంతులో సంతోషం లేదు, పళ్ళు నూరుతున్నట్టు ఉంది.

తరువాత అతని పక్కన నేల మీద కూర్చుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చెప్పింది.

"చూడు మల్లయ్యా. మనం లేచి నిలబడగానే రెండు మూడు గ్లాసుల రక్తం కాళ్ళలోకి, కడుపులోకి జారిపోతుంది. తల ఖాళీ అవ్వాలి. ఎందుకవ్వదు? మెడలో రెండు పక్కలా రక్తం ఎంత జోరుగా పోతుందో కనిపెట్టుకుని ఉండే చోట్లు ఉన్నాయి. జోరు తగ్గిందనగానే కబురు పెడతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కాళ్ళలో నాళాలు బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తాయి. నువ్వు ఒక అడుగు వేసేలోపు ఇదంతా అయిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. నువ్వు మింగే మాత్ర నాళాల్ని వదులు చేసింది. కబురు వెళ్తోంది, అవి బిగుసుకోవట్లేదు."

మల్లయ్య చాలాసేపు మెడ తడుముకున్నాడు. "అంటే నా మెడల వాచ్‌మన్‌లు మంచిగనే లేసి అరుస్తుండ్రు. గేటు తీసెటోడే పండిండు."

సిస్టరమ్మ నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే. తరువాత మొహం మళ్ళీ మామూలైంది. "ఆ డాక్టరు నిన్ను నిలబెట్టి చూశాడా?"

"కుర్సీల కూసోబెట్టిండు. జల్ది జల్ది సూసిండు. బయట మస్తు మంది ఉండ్రి."

"రేపు పొద్దున మీ ఆఫీసుకు పోదాం. అట్నుంచి అటే మా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా, మాత్ర మారుస్తారు. మల్లయ్యా, ఆఫీసులో నిన్ను ఇంకొక్కసారి నిలబెడతా. కష్టంగా ఉంటుంది. వద్దంటే మానేద్దాం."

"నిలబెట్టు సిస్టరమ్మా" అన్నాడు మల్లయ్య. "ఆళ్ళు సూడాలె."

మర్నాడు పది గంటలకు ఇద్దరూ ఆటో దిగి వచ్చారు. ఆఫీసులో పటేల్ సాబ్ ముందు ప్లాటు కొనడానికి వచ్చిన ఇద్దరు మనుషులు, గోడకు లేఅవుటు పటం. సిస్టరమ్మ చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి, బెంచీ మీది ఫైళ్ళు తీసి కింద పెట్టింది. మల్లయ్యను దాని మీద పడుకోమంది.

"ఏందమ్మా గిది? ఆఫీసనుకున్నవా, దవాఖాన అనుకున్నవా?" అన్నాడు పటేల్ సాబ్.

"తాగాడని రాశారుగా. ముందు ఇటొచ్చి నోరు వాసన చూడండి."

"నేనా?"

"మీరే. సంతకం మీదేగా."

కొనడానికి వచ్చినవాళ్ళు చూస్తున్నారు. పటేల్ సాబ్ లేచి, ఇష్టం లేకుండానే వంగాడు. "ఇప్పుడు తాగలే" అని గొణిగాడు.

"ఇప్పుడు తాగలేదు కదా. గుర్తుంచుకోండి." ఆమె పట్టీ చుట్టింది. చెవిలో చప్పుడు రాగానే గాలి ఆపి, పాదరసం ఎక్కడుందో పటేల్ సాబ్ చేతనే పైకి చదివించింది. తరువాత మల్లయ్యను నిలబెట్టింది. షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. మల్లయ్య నా టేబులు అంచు పట్టుకున్నాడు. అతని వేళ్ళు నా మిషన్‌కు జానెడు దూరంలో ఉన్నాయి. అవి వణకడం మొదలైంది. గోళ్ళు తెల్లబడ్డాయి. నుదుటి మీద చెమట బొట్లు పుట్టుకొచ్చాయి.

"చదవండి!"

"ఎనభై... ఎనభై మీద ఉంది" అన్నాడు పటేల్ సాబ్.

మల్లయ్య మోకాళ్ళు వంగాయి. హమాలీ ఒకడు కుర్చీ ఎత్తుకుని పరిగెత్తి వచ్చాడు. "కుర్చీ తీసెయ్!" అని ఆమె అరిచిన అరుపుకి వాడు దాంతోపాటే వెనక్కి నడిచాడు. మేమిద్దరం మల్లయ్యను నేల మీద పడుకోబెట్టి కాళ్ళెత్తాం. కాసేపటికి అతను కళ్ళు తెరిచి పటేల్ సాబ్ వైపు చూశాడు.

"సరే, సరే" అన్నాడు పటేల్ సాబ్, వచ్చినవాళ్ళ వైపు ఓరగా చూస్తూ. "రేపటిసంది పనిలకు రమ్మను. అయిపాయె."

"అవ్వలేదు. ఆ కాగితం చింపండి. ఇంకోటి రాసివ్వండి."

"కాగితంల ఏముందమ్మా?"

"ఏముందా? ఇంకోచోట పనడిగితే ఇదే చూపిస్తారు. ఇతని పిల్లలు జీవితాంతం తాగుబోతు పిల్లలనిపించుకుంటారు. ఇతను మింగింది మాత్ర. దాన్ని రాసినవాడు లేపి చూడలేదు, పడితే చూసినవాళ్ళు వంగి చూడలేదు, టైపు కొట్టిన ఆమె తల తిప్పి చూడలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఒక మనిషిని పడేశారు."

ఎవరూ చెప్పకుండానే మిషన్‌లో కాగితం ఎక్కించాను. పటేల్ సాబ్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కొట్టాను: బీపీ మాత్ర పడకపోవడం వల్ల పడిపోయాడు, తాగలేదు, పొరపాటున నింద వేశాం. వచ్చినవాళ్ళ ముందు పటేల్ సాబ్ దాని మీద సంతకం గీకి, పాతది చింపి చెత్తబుట్టలో పడేశాడు.

మల్లయ్య ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి నాకిచ్చాడు. "ఇయ్యాలన్న మంచిగ సదువు బిడ్డా. అందరికి ఇనబడేటట్టు."

తెలుగులో చదివాను. అందరికీ వినబడేటట్టు. విని, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నౌకరి ఒద్దు పటేలా. ఇది చాలు" అని మల్లయ్య సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాడు. పెద్ద దవాఖానలో మాత్ర మార్చారు. మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవమన్నారు. సైదాబాద్‌లో ఒక బడి గేటు దగ్గర పని దొరికింది. మళ్ళీ పడలేదు.

దాని ఫలితం సిస్టరమ్మకు నెల తరువాత వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ డాక్టరుకు విషయం తెలిసి, తన పేషెంటు వైద్యంలో ఒక నర్సు జోక్యం చేసుకుందని ఆమె పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు సంజాయిషీ అడిగారు. ఆమె నన్ను పిలిచి, "టైపు కొట్టిపెట్టు, నాలుగు ముక్కలే" అంది. ఆమె చెప్పిన జవాబు ఇంతే: "డాక్టరు గారు రోగిని కూర్చోబెట్టి చూశారు. నేను నిలబెట్టి చూశాను. ఆయన కూడా నిలబెట్టి చూస్తే నేను చూసిందే ఆయనకూ కనబడుతుంది."

క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారట. రాయలేదు. దూరంగా అడవి ప్రాంతంలో ఒక చిన్న దవాఖానకు బదిలీ చేశారు. ఆ డాక్టరు బోర్డు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఇంకా పెద్దదైంది, రెండో అంతస్తు కూడా లేచింది. ఆ మెట్లెక్కేవాళ్ళలో ఎంతమంది మంచం దిగి కూలుతున్నారో, ఎంతమందిని తాగుబోతులంటున్నారో ఎవరికి తెలుసు?

ఆమె వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు మా ఆఫీసు కట్టిస్తున్న కొత్త బిల్డింగు మెట్ల మీంచి తట్ట మోసే ఒక కూలీ అమ్మాయి పడింది. పటేల్ సాబ్ నా మిషన్ ముందు నిలబడి, సొంత నిర్లక్ష్యం వల్లే పడింది అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను మిషన్ మీంచి చేతులు తీసేశాను.

"నేను చూడలే సార్. చూడంది కొట్ట."

"అయితే ఇంటికి పో" అన్నాడు. పోయాను.

ఆ రాత్రికి రాత్రే కాదు గాని, ఒక వారంలో సిస్టరమ్మకు ఉత్తరం రాశాను. నేనెంత ధైర్యం చేశానో రెండు పేజీలు వివరంగా రాశాను. మెచ్చుకుంటుందనుకున్నాను. కార్డు వచ్చింది. కుశల ప్రశ్నలు లేవు, దీవెనలు లేవు.

"అమ్మాయ్, నువ్వు ఉద్యోగం మానేసిన సంగతి రెండు పేజీలు రాశావు. పడినామె సంగతి ఒక్క ముక్క రాయలేదు. దెబ్బ ఎక్కడ తగిలింది? ఏ దవాఖానలో ఉంది? ఎలా పడిందో ఎవరైనా అడిగారా?"

అంతే కార్డు. వాకిట్లో నిలబడి రెండుసార్లు చదివాను. మొదట ఏడుపొచ్చింది, తరువాత సిగ్గేసింది. చెప్పులేసుకుని ఎల్బీ నగర్ బస్సెక్కాను.

ఆ అమ్మాయి దవాఖానలో లేదు. బిల్డింగు వెనక గోనెసంచుల గుడిసెలో, కాలికి కట్టుతో పడుకుని ఉంది. పక్కన పాలు తాగే పిల్ల. నేను నేల మీద కూర్చుని, "ఎట్ల పడ్డవమ్మా?" అని అడిగాను.

నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "ఇన్నొద్దులాయె, గీ మాట ఎవ్వలు అడగలేదక్కా" అంది. "పిల్లకు పాలిచ్చి లేసిన. పొద్దుగాల్లకెళ్ళి ఏం తినలే. తట్ట నెత్తికెత్తుకోంగనే కండ్లు చీకట్లయినయి. పక్కన పట్టుకుందామంటే కట్టె గిట్ట ఏం లేదు. గంతే ఎరుక."

నా సంచీలో ఒక నోట్‌బుక్కు ఉంది. అందులోంచి కాగితం చింపి, ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాశాను. లేబర్ ఆఫీసు పేరు పైన పెట్టాను. ఆమెకు చదివి వినిపించాను. "ఔ, గిట్లనే" అంది. ఆమె వేలిముద్ర పక్కన, చూసి, అడిగి రాసినవారు అని రాసి, నా పూర్తి పేరు పెట్టాను.